సాధన బరువైపోయింది, సెలవుల్లో ఆట దొరికింది: ఇప్పుడేం చేయాలి?

హనుమకొండలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా చాలాకాలంగా స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు 39 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భర్త, తొమ్మిదేళ్ల కూతురు. నాలుగేళ్ల కిందట ఆ ఊళ్లోనే ఉంటున్న ఒక తెలుగు ఆవిడ ఈమెకు సైకిలు అలవాటు చేశారు. పంక్చరైతే ట్యూబు మార్చడం దగ్గర నుంచి, గుంపులో వెళ్తున్నప్పుడు ముందువారి చక్రానికి ఎంత దగ్గరగా ఉండాలో, గాలికి ఎదురు ఎప్పుడు నిలవాలో అన్నీ ఆవిడే దగ్గరుండి నేర్పారు. ఈమె ఆవిడను అక్కా అని పిలుస్తారు. ఎనిమిది మంది ఉన్న వారి గుంపు వెట్టర్న్ సరస్సు చుట్టూ 315 కిలోమీటర్లు తొక్కే వెట్టర్న్‌రుండన్‌ను 10 గంటల లోపు పూర్తి చేయాలని లక్ష్యం పెట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికే చీకటిపడే ఆ చలికాలమంతా ఈమె ఇంటి నేలమాళిగలో, సైకిలును బిగించి ఉన్నచోటే తొక్కే ట్రైనర్ అనే పరికరం మీద, కాళ్ల బలాన్ని కొలిచి తెరపై చూపే వాట్ల అంకె చూస్తూ సాధన చేశారు. మార్చి వచ్చేసరికి సైకిలు బూట్లు చూస్తేనే ఏడుపు వచ్చేదట. అయినా మానలేదు. జూన్‌లో 10 గంటల 20 నిమిషాలకు పూర్తి చేశారు. "అక్క కౌగిలించుకుంది. నాకు ఏమీ అనిపించలేదు. ఇంటికి వెళ్లి గిన్నెలు తోమాను" అని రాశారు.

2025 జులైలో సహోద్యోగి కుటుంబం వీరిని యోన్‌షోపింగ్‌లో జరిగిన ఓ-రింగెన్‌కు తీసుకెళ్లింది. ఇది ఓరియంటీరింగ్ ఆటకు సంబంధించి 1965 నుంచి స్వీడన్‌లో జరుగుతున్న వేసవి పండుగ. పటం, దిక్సూచి పట్టుకుని అడవిలో గుర్తు పెట్టిన చోట్లను వరుసగా వెతుక్కుంటూ వెళ్లే పోటీ అది. మధ్యలో ఒక విశ్రాంతి రోజుతో ఐదు అంచెలుగా సాగుతుంది. ఈమె ఎవరైనా తమకు వీలైన వేళలో బయలుదేరగలిగే తేలిక మార్గాల్లో పాల్గొన్నారు. ప్రతిరోజూ దారి తప్పారు, బురదలో మోకాళ్లదాకా దిగబడ్డారు, చాలాకాలం తర్వాత పగలబడి నవ్వారు. విడిది నుంచి పోటీ స్థలానికి బుట్ట ఉన్న అద్దె సైకిలు మీద, కూతురి సంచి వేసుకుని వెళ్లివచ్చారు. ఇప్పుడు గుంపు వచ్చే ఏడాదికి తొమ్మిదిన్నర గంటల లక్ష్యం పెట్టుకుని, నెలాఖరులోగా మాట ఇవ్వమంటోంది. ఆమె అడిగినవి ఇవి: నేను ఆనందం అనుకుంటున్నది నిజానికి సోమరితనమా? ఇంత నేర్పిన అక్కను వదిలి వెళ్లడం కృతఘ్నత కాదా? ఓరియంటీరింగ్ క్లబ్బులో చేరితే అక్కడా ఇదే గతి పడుతుందా? భర్త పుట్టినరోజు కానుకగా కొనిచ్చిన ఖరీదైన సైకిలు అమ్మేయాలా?

మీరు అడగని విషయంతో మొదలుపెడతాను. ఉత్తరం మధ్యలో, వేరే మాట చెబుతూ, మూడు సంగతులు దాటవేసినట్టు రాశారు: ఫిబ్రవరి నుంచి నిద్ర లేచేసరికి నాడి మామూలుకంటే వేగంగా ఉంటోందని, ఎత్తుల మీద తేలిక కోసం బరువు తగ్గించారని, రెండుసార్లు నెలసరి రాలేదని. మీరు శాకాహారి అని కూడా రాశారు. నా దృష్టిలో మిగతా ఉత్తరమంతా ఒక ఎత్తు, ఈ మూడు వాక్యాలు ఒక ఎత్తు. చేసే శ్రమకు తగిన ఆహారం అందనప్పుడు శరీరం ముందుగా ఆపేసే పనుల్లో నెలసరి ఒకటి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో దీనికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి, ఎముకల నుంచి మానసిక స్థితి వరకు దాని ప్రభావం ఎలా ఉంటుందో వివరించింది. ఇది పతకాలు తెచ్చేవారికి మాత్రమే వచ్చే సమస్య కాదు, ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున సాధన చేసేవారికీ వస్తుంది. ఇనుము లోపం, బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, ఉత్తరాది చలికాలంలో మన చర్మఛాయ ఉన్నవారికి సులభంగా వచ్చే డి విటమిన్ లోపం, వీటిలో ఏది ఉన్నా ఉత్సాహం చచ్చిపోతుంది. అది మనసు తప్పని మనం అనుకుంటాం. స్వీడన్ ఆరోగ్య సలహా నంబరు 1177కు ఫోన్ చేసి, మీ ప్రాంతపు ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షలు చేయించుకోండి. నెలసరి సంగతి మొహమాటపడకుండా చెప్పండి. గుంపుకు జవాబిచ్చే ముందే ఈ పని జరగాలి.

ఇలా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. జూన్ తర్వాత జులై చివరిదాకా మీరు సాధన చేయలేదు, బాగా తిన్నారు, బాగా నిద్రపోయారు. ఆ వారం మీకు దొరికిన సంతోషంలో కొంత భాగం కోలుకున్న శరీరానిది కావచ్చు. అది ఎంత భాగమో పరీక్షలు చేయించుకోకుండా మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. లోపమేదైనా బయటపడి, మందులతో, తిండితో సరైతే, సైకిలు మీద మీకున్న విముఖత కూడా తగ్గవచ్చు. అప్పుడు మీరు తీసుకునే నిర్ణయం ఇప్పటి నిర్ణయంలా ఉండకపోవచ్చు.

సోమరితనం సంగతికి వస్తాను. మీరు రాసిందే మీకు గుర్తుచేస్తాను. రెండో రోజు బూట్లు ఆరకపోతే, మూడో రోజు ఆ తడి బూట్లే వేసుకుని వర్షంలో మళ్లీ అడవిలోకి వెళ్లారు. సోమరులు ఆ పని చేయరు. దారి లేని చోట, బండల మీద, కాళ్లు దిగబడే చిత్తడిలో కొన్ని కిలోమీటర్లు నడవడం, పరిగెత్తడం నేలమాళిగలో గంటసేపు తొక్కడం కంటే తేలికేమీ కాదు. కాబట్టి మీరు శ్రమ నుంచి పారిపోలేదు. మరి దేని నుంచి తప్పించుకున్నారో తెలియాలంటే మూడో రోజున ఏడో కంట్రోల్ (అడవిలో జెండాతో గుర్తు పెట్టిన చోటు) దగ్గర మీకు జరిగింది కాస్త నిదానంగా చూడాలి.

చిత్తడి అంచున నిలబడి పటం అటూ ఇటూ తిప్పుతున్నారు. పటంలో తెల్లగా ఉన్నది ఖాళీ జాగా అనుకుని అంతదూరం వచ్చారు. ఓరియంటీరింగ్ పటంలో తెలుపు అంటే సులువుగా పరిగెత్తగలిగే అడవి అనీ, ఖాళీ జాగాకు పసుపు వాడతారనీ అక్కడికి వచ్చాకే తెలిసింది. అప్పుడే ఎనభై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి మిమ్మల్ని చూసి ఆగారు. జెండా ఎక్కడుందో చెప్పలేదు. "ఇదే చోటని నీకు చివరిసారి గట్టిగా తెలిసింది ఎక్కడ?" అని మాత్రం అడిగారు. మీరు వెనక్కి నడిచి, రెండు దారులు కలిసే చోటికి చేరి, నేల ఎత్తుపల్లాలను చూపే గోధుమరంగు కాంటూరు గీతల మధ్య చిన్న గుట్టను గుర్తుపట్టి, దాని వెనుక నారింజ, తెలుపు రంగుల జెండాను చూశారు. చేతిలోని ఎలక్ట్రానిక్ పుల్లను పెట్టెలో పెట్టగానే కీచుమని మోగింది. "ఆ శబ్దానికి నేను గట్టిగా అరిచాను" అని రాశారు. అంతసేపూ మీ దృష్టి గుట్ట మీద, చిత్తడి మీద, పటం మీద ఉంది. ఎంత సమయమైందో ఆ రోజు చూసుకోలేదని మీరే అన్నారు. నేలమాళిగలో మీ దృష్టి వేరేచోట ఉండేది: ఈ అంకెను ఆదివారం గుంపులో ఎవరు చూస్తారు, ఏమంటారు అన్న ఆలోచన మీద. మీకు బరువైనది సైకిలు కాదు, లెక్క అప్పజెప్పడం అని నాకు అనిపిస్తోంది.

దీనికి దగ్గరగా వచ్చే పాత ప్రయోగం ఒకటుంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు వేయడమంటే సహజంగానే ఇష్టపడే బడికి వెళ్లని వయసు పిల్లలను తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఎవరూ అడగకుండా రంగు పెన్నులు ముందు పెట్టినప్పుడు, ముందే మాట ఇచ్చి బహుమతి ఇచ్చిన పిల్లలు మిగతావారితో పోలిస్తే సుమారు సగం సమయమే బొమ్మలు వేశారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవారిలో ఆ తగ్గుదల లేదు. చిన్నపిల్లలతో చేసిన ప్రయోగాన్ని యథాతథంగా మీకు అంటగట్టను. కానీ ఇష్టంతో మొదలైన పనికి ఎవరో కొలిచి ఇచ్చే ఫలితం ముడిపడితే, ఆ ఇష్టం పనిని వదిలి ఫలితం వైపు జారిపోవడం మనందరం చూసిందే. ఎంసెట్ ర్యాంకు ఎంత అని చుట్టాలందరూ అడిగే ఇంట్లో పెరిగానని మీరు రాశారు. పదిహేడేళ్లకు పడిన అలవాటు ముప్పై తొమ్మిదేళ్లకు సైకిలు మీదకు ఎక్కడంలో ఆశ్చర్యమేమీ లేదు, దానికి తల్లిదండ్రులను తప్పుపట్టాల్సిన పనీ లేదు.

అంకెలన్నీ చెడ్డవని మాత్రం అనుకోవద్దు. కొందరికి అంకెలే ఆట. మీ అక్కకు తొమ్మిదిన్నర గంటల లెక్క నిజంగానే సరదా అయి ఉండవచ్చు. ఆవిడ మిమ్మల్ని లాగింది తనకు దొరికిన సరదా మీకూ దొరుకుతుందనే కదా.

ఇక బుట్ట సైకిలు. మీరు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశారు, నేను దాటలేను. జూన్‌లో మీరు అదే వెట్టర్న్ సరస్సు చుట్టూ తిరిగారు. గుర్తున్నది ముందున్న మనిషి వెనుక చక్రం మాత్రమే. 10 గంటల లోపు చేరాలంటే, ఆగిన సమయాలతో కలిపి, సగటున గంటకు 31.5 కిలోమీటర్లకు తగ్గకూడదు కాబట్టి, చక్రం తప్ప ఇంకేదీ చూసే వీలుండదు. జులైలో ఆ సరస్సు దక్షిణపు ఒడ్డు ఊళ్లోనే, బుట్ట సైకిలు ఆపి, నీళ్లు చూస్తూ కూతురితో కలిసి దాల్చినచెక్క బన్ను తిన్నారు. అంటే సైకిలంటే మీకు విరక్తి పుట్టలేదు. ఈ ఒక్క ఆధారం వల్లనే, సైకిలా ఓరియంటీరింగా అని మీరు వేసుకున్న ప్రశ్నను నేను అంగీకరించడం లేదు.

అలాగని ఓరియంటీరింగ్‌ను అమాయకమైన ఆట అనుకున్నా చిక్కే. చివరిరోజు మీ సహోద్యోగి సంగతి మీరే రాశారు కదా. ఆ రోజు మొత్తం సమయంలో ముందున్నవారు ముందు బయలుదేరతారు, గమ్యం దగ్గరి క్రమమే తుది ఫలితం. ఆయన చివరి నుంచి రెండో కంట్రోల్ దగ్గర పొరపడి స్థానాలు కోల్పోయి, గుడారం బయట ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నారు. క్లబ్బులో చేరితే మొదటి నెలల్లో మీకు ఎవరూ ఏమీ అనరు. తర్వాత శరత్కాలంలో 25 మంది జట్టుగా పరిగెత్తే రిలే పోటీ వస్తుంది, అందులో అన్ని వయసులవారూ, ఆడవారూ తప్పనిసరిగా ఉండాలి, "ఒక్కరు తక్కువయ్యారు, మీరు రావాలి" అంటారు. మొహమాటం ఎక్కువున్నవారు అక్కడా దొరికిపోతారు. పైగా ఆ వారం సెలవు వారం: వంట మీ వారు చేశారు, రాత్రి పది దాకా వెలుతురు ఉంది, ఆఫీసు లేదు. నవంబరు మంగళవారం సాయంత్రం, తలకు దీపం కట్టుకుని వర్షంలో కంట్రోల్ వెతుక్కోవడం అలా ఉండదు. అదీ నచ్చవచ్చు. అయితే ముందుగా అది చూసి, తర్వాత మాట ఇవ్వండి.

మీ ముందున్న దారులను నేను ఇలా చూస్తున్నాను. గుంపులోనే ఉండి తొమ్మిదిన్నర గంటలకు ఒప్పుకోవచ్చు. స్నేహం, క్రమశిక్షణ, ఆదివారాల కలయిక నిలుస్తాయి. పరీక్షలు బాగా వచ్చి, చలికాలం సాధన వారానికి ఇన్ని గంటలకు మించదని మీరు ముందే హద్దు పెట్టుకోగలిగితే ఇదేమీ తప్పుడు నిర్ణయం కాదు. కానీ మొహమాటానికి ఒప్పుకుంటే మార్చిలో మళ్లీ ఆ బూట్ల ముందు కూర్చుంటారు, అప్పుడు మధ్యలో తప్పుకోవడం ఇప్పుడు కాదనడం కంటే గుంపుకు ఎక్కువ కష్టం తెస్తుంది. ఎనిమిది మందిలో వంతులవారీగా ముందుండి గాలిని కాసే మనిషి ఏప్రిల్‌లో తగ్గితే వారి లెక్క మొత్తం మారిపోతుంది.

అదే వెట్టర్న్‌రుండన్‌ను లక్ష్యం లేకుండా తొక్కడం ఇంకో మార్గం. అది నిజానికి విజేతలను ప్రకటించే పోటీ కాదు. వేలమంది శుక్రవారం సాయంత్రమే బయలుదేరి, రాత్రంతా తొక్కి, దారిలో విడిదుల దగ్గర ఆగి బ్లూబెర్రీ సూపు తాగి, బన్నులు, ఊరబెట్టిన దోసకాయలు తిని, శనివారం ఎప్పటికో చేరతారు. మీ గుంపు ఆ విడిదులను చాలావరకు దాటేసి వెళ్లిపోయింది. మీ వారితోనో, ఇంకో నిదానపు స్నేహితురాలితోనో అలా వెళ్లవచ్చు. ఇందులో ఇబ్బంది ఒకటే: శనివారం మధ్యాహ్నం అక్క గుంపు ఎంతసేపట్లో చేరిందో విన్నప్పుడు మీలోని ఎంసెట్ విద్యార్థిని లేచి కూర్చోవచ్చు. మీ గురించి మీకే బాగా తెలుసు. ఆ గుచ్చుకోవడం తట్టుకోలేనంతగా ఉంటుందనుకుంటే ఈ ఏడాది అటు వెళ్లకపోవడం మేలు.

మూడోది, వచ్చే వేసవి దాకా ఏ పోటీకీ పేరు ఇవ్వకపోవడం. నాకు ఎక్కువ మొగ్గు దీనిమీదే ఉంది, అయితే దీనికీ ధర ఉంది. మీ స్నేహాలు ఎక్కువగా ఆ గుంపు చుట్టూ అల్లుకున్నవి. ఆదివారాలు ఖాళీ అవుతాయి, చలికాలపు చీకట్లో ఆ ఖాళీ చిన్నది కాదు. అందుకని ఆ రోజుకు వేరే ఏర్పాటు ముందే చేసుకోండి. క్లబ్బులో సభ్యత్వం దాకా వెళ్లనక్కర్లేదు. స్వీడన్‌లో చాలా ఊళ్లలో స్థానిక ఓరియంటీరింగ్ క్లబ్బులు ఊరి చుట్టూ అడవుల్లో వసంతం నుంచి శరత్కాలం దాకా గుర్తుకర్రలు పాతి ఉంచి, నాటుర్‌పాసెట్ పేరుతో వాటి పటాలు అమ్ముతాయి. ఒక పటం కొనుక్కుంటే వీలైనప్పుడు వెళ్లి వెతుక్కోవచ్చు, గడియారం ఎవరూ పట్టుకోరు. ఆ మొదటి కర్ర దాకా సైకిలు మీద వెళ్లండి. అడవి నుంచి వచ్చాక మోకాళ్ల వెనుక, నడుము దగ్గర పిడుదులు ఉన్నాయేమో చూసుకోవాలి. అవి మోసుకొచ్చే మెదడువాపు వ్యాధికి అక్కడ టీకా ఉంది, ఒక్క మోతాదుతో పూర్తయ్యేది కాదు కాబట్టి చలికాలంలోనే మొదలుపెడితే వేసవికి సిద్ధంగా ఉంటారు.

ఇప్పుడు అసలు భయం, అక్క. మోకాలు నొప్పి అనో, ఆఫీసులో కొత్త ప్రాజెక్టు అనో చెప్పి తప్పుకోవాలని ఉందని రాశారు. ఆ పని చేయకండి. ఒకరికొకరు తెలిసిన కొద్దిపాటి తెలుగు కుటుంబాల మధ్య, బతుకమ్మ నాటికే మీ మోకాలు బాగున్న సంగతి అందరికీ తెలుస్తుంది. అప్పుడు ఆవిడకు బాధ కలిగించేది మీరు తప్పుకోవడం కాదు, నిజం చెప్పడానికి కూడా తనను దగ్గరి మనిషిగా చూడలేదన్నది. నలుగురూ ఉన్న వాట్సాప్ గుంపులో కాకుండా ఆవిడ ఇంటికి వెళ్లి చెప్పండి. "అక్కా, నువ్వు నేర్పకపోతే నేను సైకిలే ఎక్కేదాన్ని కాదు. కానీ మొన్న చలికాలం నాకు చాలా కష్టమైంది, నీకు చెప్పలేదు. ఈ ఏడాది టైము పెట్టుకుని తొక్కలేను. ఎప్పుడైనా ఊరికే తొక్కుదామంటే ముందు నేనే వస్తాను" అంటే చాలు. మీవల్లే ఇలా అయిందన్న ధ్వని అందులో రాకూడదు. ఆవిడ మీ నాడి చూడలేదు, మీరు చెప్పలేదు. ఆవిడ ఆ క్షణంలో నొచ్చుకోవచ్చు. కొన్ని వారాలు ముభావంగా కూడా ఉండవచ్చు. నేర్పినవారి రుణం వాళ్లు చెప్పిన వేగంతో తొక్కితేనే తీరుతుందని నేను అనుకోను. మీరు కొత్తగా సైకిలు కొన్న ఇంకో అమ్మాయికి ట్యూబు మార్చడం నేర్పితే ఆవిడకు అది తక్కువ గౌరవమేమీ కాదు.

మీ వారి కానుక గురించి. ఆయన మిమ్మల్ని ఇంతవరకు సైకిలు ఖర్చు గురించి ఒక్క మాటా అనలేదని మీరే రాశారు. అది మీరు మీకు వేసుకున్న అప్పు. ఆయనను ఒక్కసారి అడిగి చూడండి. ఆ సైకిలు కొన్నప్పుడు తొమ్మిదిన్నర గంటల ఊసు ఎక్కడా లేదు, మీరు ఆదివారం ఉదయం నవ్వుతూ బయటకు వెళ్లేవారు, ఆయన దానికోసమే కొన్నారేమో. దాన్ని అమ్మాలా వద్దా అన్నది మాత్రం ఇప్పుడు తేల్చనవసరం లేదు. ట్రైనర్ మీద నుంచి దించి, గొలుసు తుడిచి నూనె వేసి, కనబడని చోట గోడకు తగిలించండి. ముందు పరీక్షల ఫలితాలు రానివ్వండి. చలికాలంలో వాడిన రేసు సైకిలుకు గిరాకీ ఉండదు, అమ్మాలనుకున్నా ఏప్రిల్‌లో మంచి ధర వస్తుంది. రోడ్ల మీద మంచు కరిగాక, తెరా మీటరూ తీసేసి ఒకటి రెండుసార్లు దానిమీద ఊరికే తిరిగి వచ్చాక అమ్మాలనే అనిపిస్తే, అప్పుడు అమ్మండి.